గబ్బిలాల దుప్పట్లు

"ఆ బకెట్టు నాది," అన్నాడు మా ఆయన మూడోసారి.

"నిన్నటిదాకా నీది. ఇవాళ్టినుంచి గబ్బిలాలది," అంది అత్తయ్య పెరట్లోంచే, చేతిలో పని ఆపకుండా.

"మరి స్కూటరు దేంతో కడుక్కోమంటావు?"

"స్కూటరు కడిగి ఎన్నాళ్లయిందిరా? దాని అసలు రంగేంటో చెప్పు చూద్దాం."

మా అమ్మాయి పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. పన్నెండేళ్ల పిల్ల. నానమ్మకీ నాన్నకీ మాటామాటా వచ్చినప్పుడల్లా దానికి చదువు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది, ఎందుకంటే పుస్తకం పట్టుకున్నవాళ్లని ఎవరూ సాక్ష్యానికి పిలవరు.

నేను గుమ్మంలో నిలబడి, ఎటు మాట్లాడితే ఎవరికి కోపమొస్తుందో ఆలోచిస్తున్నాను. గొడవకి మూలం నేనే. వారానికి రెండుసార్లు, గబ్బిలాల రెట్ట మరకలు పడ్డ ఆరు పాత దుప్పట్లని మూటగట్టి ఇంటికి మోసుకొచ్చేది నేను.

"నేనే ఉతుక్కుంటానన్నాను కదా అత్తయ్యా."

"నువ్వు ఉతకడం చూశానులే. బట్టని తీసుకెళ్లి నీళ్లకి చూపించి తెస్తావు. దాన్ని ఉతకడం అనరు, పరిచయం చేయడం అంటారు."

మా ఆయన కూడా నవ్వేశాడు. నవ్వాక ఇంక బకెట్టు అడిగే మొహం ఉండదు కదా, అలా ఆ నీలం బకెట్టు గబ్బిలాలకి దఖలు పడిపోయింది. మధ్యాహ్నం మా అమ్మాయి దాని మీద నల్లరంగుతో ఒక గబ్బిలం బొమ్మ వేసింది. విరిగిన గొడుగులా ఉంది.

అత్తయ్య పెద్దాసుపత్రి లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, సూపర్వైజరుగా రిటైరైంది. శుభ్రం గురించి మా ఇంట్లో ఆమెదే తుది తీర్పు. దుప్పటి తెల్లగా ఉంటే చాలదు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకూడదు, వస్తే అది మందు వాసనే అయి ఉండాలి. ఆ సాయంత్రం తీగ మీంచి తీసి మడతపెట్టిన దుప్పట్లకి అలాంటి వాసనే సన్నగా వచ్చింది. నా ముక్కుకి అందింది కూడా. ఎంత బాగా ఉతికింది అనుకున్నానే తప్ప, ఇంకో ఆలోచన రాలేదు. నేను చేసిన పొరపాటు అక్కడే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నా పని గబ్బిలాల మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే గబ్బిలాల కింద.

నది ఒడ్డున మూతబడ్డ నూలుమిల్లు ఒకటుంది. దాని పై అంతస్తులో, దూలాలకి వేలాడుతూ, చాలాచోట్ల కనిపించకుండా పోయిన ఒక చిన్న జాతి గబ్బిలాలు కాపురముంటున్నాయి. కిందటి లెక్కకి మూడువందల పదహారు. ఒక్కోటి రెండు చెంచాల పంచదార బరువు ఉంటుందేమో. రాత్రంతా పురుగుల్ని తిని తెల్లవారుజామున తిరిగొస్తాయి. అవి వచ్చేలోపు మేం దూలాల కింద ఆరు వరసల్లో దుప్పట్లు పరిచి వచ్చేస్తాం. ఎనిమిదింటికి మళ్లీ వెళ్లి, వాటి మీద రాలిన రెట్టని, జీలకర్ర గింజల్లాంటి నల్లటి పలుకుల్ని, పటకారుతో ఒక్కొక్కటీ ఏరి సీసాల్లో వేసుకుంటాం. మొదట్లో ప్లాస్టిక్ పట్టాలు వాడేవాళ్లం. గాలికి అవి చేసే చప్పుడుకి గబ్బిలాలు బెదిరి గోడవారకి జరిగిపోయేవి. మెత్తటి నూలు దుప్పట్లయితే నయమని చెప్పింది నేనే.

మిల్లు కాపలాదారు నాకు 'రెట్ట మేడం' అని పేరు పెట్టాడు. వెనకాల కాదు, ఎదురుగానే పిలుస్తాడు.

ఏరి తెచ్చినదాంట్లో సగం చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి కాసేపు ఉంచితే, పేగుల్లో ఉండే నులిపురుగుల గుడ్లు పైకి తేలతాయి. వాటిని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. మిగతా సగంలోంచి చిటికెడు తీసి జెల్లీ పోసిన పళ్లేల మీద రాస్తే, పేగుల్లోని బాక్టీరియా రెండు రోజుల్లో చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఎన్ని చుక్కలు, ఎన్ని రంగులు అన్నది లెక్క. గుడ్లు ఎక్కువైనా దిగులే, చుక్కలు తక్కువైనా దిగులే. ఈ రెండూ చూస్తే గబ్బిలాన్ని ముట్టుకోకుండానే, దాని నిద్ర చెడగొట్టకుండానే, ఒంట్లో ఎలా ఉందో తెలిసిపోతుంది. మా ల్యాబు టెక్నీషియన్ రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. "మనుషులు ఆరోగ్యం గురించి అబద్ధాలు చెబుతారు మేడం, రెట్ట చెప్పదు," అంటూ ఉంటారాయన.

ముట్టుకోకుండా అన్నది నా పట్టుదల. చదువుకునే రోజుల్లో ఒకసారి వలలతో గబ్బిలాలు పట్టే బృందంతో వెళ్లాను. వలలోంచి ఒక ఆడదాన్ని విడిపించి, తూకం వేయడానికి గుడ్డసంచిలో వేసింది నేనే. పది నిమిషాల తర్వాత సంచి విప్పితే రెండున్నాయి. రెండోది గోరంత ఉంది, గులాబీ రంగులో. కదల్లేదు. గబ్బిలం ఏడాదికి ఒక్కపిల్లనే కంటుంది. మాతో వచ్చిన పెద్దాయన పుస్తకంలో 'గర్భస్రావం, ఒకటి' అని రాసుకుని, తర్వాతి సంచి అందుకున్నారు. ఆ తర్వాత నేను వల ముట్టలేదు.

ల్యాబులో బట్టలు శుద్ధి చేసే యంత్రం ఉంది, పెద్ద కుక్కరులాంటిది. అది పాడైపోయి, విడిభాగం రావడానికి నెలలు పడుతుందన్నారు. అందుకే దుప్పట్లు ఇంటికి రావడం, బకెట్టు గొడవ కావడం. "మామూలు నీళ్లలో ఉడకబెడితే చాలు అత్తయ్యా," అని చెప్పాను. చాలు అన్నాను. అంతకుమించి ఏమీ కలపొద్దు అనలేదు. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకైతే కాగితం మీద రాసిచ్చి, ఎందుకో వివరించి, రెండుసార్లు చేయించి చూసేదాన్ని. ఇంట్లో మనిషికి అదంతా అక్కర్లేదనుకున్నాను.

నెలన్నర గడిచింది. పళ్లేల మీద చుక్కలు తగ్గుతూ వచ్చాయి. మొదట్లో లెక్కపెట్టడానికి పూటంతా పట్టేది, ఆరోవారానికల్లా వేళ్ల మీద లెక్క తేలిపోయింది. నులిపురుగుల గుడ్లలో మాత్రం తేడా లేదు. నాకు భయం వేసింది. భయంతోపాటు, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది. ఏదో పెద్ద సంగతి నా కళ్లముందు జరుగుతోంది అనుకున్నాను. కారణం కూడా నేనే కనిపెట్టాను. నది అవతల పొలాల్లో చల్లే పురుగుమందు తిన్న పురుగుల్ని గబ్బిలాలు తింటున్నాయి, ఆ మందుకి పేగుల్లో బాక్టీరియా చచ్చిపోతోంది. అన్నీ సరిపోయాయి. ఇరవై రెండు పేజీల రిపోర్టు రాశాను.

డైరెక్టరు గారు దాన్ని ఒక్కరోజులో చదివేశారు. "పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నావు. పర్మినెంటు పోస్టు పడింది, ఇంటర్వ్యూ వచ్చే నెల. దరఖాస్తు మీద మొట్టమొదట ఇదే పెట్టు. ఇంక నిన్ను కాదనేవాళ్లు లేరు," అన్నారు.

ఇంట్లో ఆ మాట చెప్పినరోజు మా ఆయన చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ప్రతి మార్చిలోనూ నా మొహం చూసి, 'పొడిగించారా?' అని అడగాలా వద్దా అని పదకొండేళ్లు తేల్చుకోలేకపోయిన మనిషి.

రిపోర్టు వన్యప్రాణి కార్యాలయానికి వెళ్లింది. వాళ్లు గాభరాపడి మీటింగు పెట్టి, నలభై గబ్బిలాల్ని వలలతో పట్టి రక్తం తీసి పరీక్షించాలని తీర్మానించారు. తేదీ, ఇంటర్వ్యూ ఉన్న వారంలోనే మంగళవారం. అది ఆడవాటికి నెలలు నిండే కాలం. వద్దని వాదించాను. "అవి జబ్బుపడ్డాయని రాసింది మీరే కదండీ, మరి చూడొద్దంటే ఎలా?" అన్నారు అక్కడి అధికారి. 

సరిగ్గా ఆ ముందు వారం ఒక దుప్పటి మేకుకి తగిలి నిలువునా చిరిగింది. దానికి బదులు మూడో వరసలో ల్యాబు నుంచి తెచ్చిన అద్దుడు కాగితాలు పరిచాను. బుధవారం పొద్దున నేను ల్యాబులో అడుగు పెట్టేసరికి టెక్నీషియన్ గారు ఆరు పళ్లేలు వరసగా పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మేడం, మూడో వరసలో అడవి మొలిచింది."

చూశాను. ఆవాలు ఒలికినట్టు చుక్కలు. తెల్లవి, పసుపువి, లేతగులాబీవి. మిగతా అయిదు పళ్లేలు బోసిగా ఉన్నాయి.

"అన్నీ ఒక చూరు కింద ఉండేవే, ఒక పొలంలో తినొచ్చేవే," అన్నారాయన. "మూడో వరసవాళ్లు మాత్రం పురుగుమందు లేని పురుగుల్ని ఏరుకుని తింటున్నారంటారా?"

నేను మూట విప్పి ఒక దుప్పటి మొహానికి ఆనించుకుని గట్టిగా వాసన చూశాను. తర్వాత ఆయనకి అందించాను. ఆయనా చూశారు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. అత్తయ్య వంటింటి గట్టు తుడుస్తోంది.

"అత్తయ్యా, దుప్పట్లు ఉడకబెట్టాక ఏం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను, మందునీళ్లలో నానేస్తాను. మేం ఆసుపత్రిలో వాడేదే. ఇక్కడ ఏ కొట్లోనూ దొరక్కపోతే నా పాత స్టోరుకీపర్ని అడిగి తెప్పించా." ఆమె గొంతులో గర్వం దాగలేదు. "మొదట్లో బకెట్టుకి ఒక మూత వేసేదాన్ని, చాలదని తర్వాత రెండు చేశాను. ఇరవై నిమిషాలు. తీసి పిండకుండా ఆరేస్తే మందు బట్టలోనే నిలుస్తుంది. దాని మీద ఒక్క క్రిమి బతకదు."

"ఉడకబెడితే చాలన్నాను కదా."

"నాకు నేర్పకమ్మాయ్. ఉడకబెట్టినా చావనివి ఉంటాయి. పిల్ల తిరిగే ఇల్లు. గబ్బిలాల రెట్ట నీకు చదువేమో, నాకు రోగమే."

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియలేదు. తెలిసినా చెప్పడానికి బాగుండే మాట కాదది.

"మేం అక్కడ వెతికేది ఆ క్రిముల్నే అత్తయ్యా. తడి రెట్ట బట్ట మీద పడి మూడు నాలుగు గంటలు ఉంటుంది. ఆ మందుకి అందులోవన్నీ చచ్చిపోతున్నాయి. మాకేమో గబ్బిలాల కడుపులోనే లేనట్టు కనిపిస్తోంది."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. గట్టు మీద అప్పటికే శుభ్రంగా ఉన్నచోటే చూస్తూ నిలబడిపోయింది.

"రెండు నెలలనుంచీనా?"

"ఆఁ."

"నువ్వు రాసిన ఆ పెద్ద పుస్తకం?"

"అంతా దీని మీదే రాశాను."

"మరి నాకెందుకు చెప్పలేదే? దేనికోసం వెతుకుతున్నావో ఒక్క ముక్క చెబితే నేను మందు ముట్టుకునేదాన్నా?"

"చెప్పాననే అనుకున్నాను."

"అనుకుంటే సరిపోయిందా!" అంది. నా మీద ఆమె గొంతు అలా లేవడం అదే మొదటిసారి. మరుక్షణం తగ్గిపోయింది. గుడ్డ మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. "ఆసుపత్రిలో అయితే నన్ను సస్పెండు చేసేవాళ్లు."

"మీ తప్పేం లేదు."

"అది నువ్వు చెబితే తేలదు. మందువల్లనే అలా అయిందని నీకెలా తెలుసు? పరీక్ష పెట్టి చూశావా? వాసన చూసి వచ్చేశావా?"

ఆ మాటకి నేను తల ఎత్తాను. పెట్టలేదు. నేనూ మా టెక్నీషియన్ గారూ కలిసి వాసన చూశాం, అంతే. ఇరవై రెండు పేజీలు రాసి ఒకసారి తొందరపడ్డదాన్ని, ఇప్పుడు ఇంకో తొందరలో ఉన్నాను.

"మూడు దుప్పట్లు నేను ఎప్పట్లాగే ఉతుకుతాను," అంది అత్తయ్య. "మూడు కొత్తవి తీసి ఉడకబెట్టి వదిలేద్దాం. ఒకటి విడిచి ఒకటి పరుచు. వార్డుల్లో ఏ మందు పనిచేస్తుందో మేం అలాగే చూసేవాళ్లం."

ఆ సాయంత్రం నేను పక్కనే నిలబడి చూశాను. మందు మూతలోకి వంచేటప్పుడు ఆమె మొహం అచ్చం మా టెక్నీషియన్ గారి మొహంలాగే ఉంది, కనుబొమలు ముడిచి, ఊపిరి బిగబట్టి. చిన్న గీతకి పైన చుక్క పడితే తీసి పారబోసి మళ్లీ కొలిచింది. ఏ దుప్పటి ఏదో తెలిసేలా మూలల్లో ఎర్రదారంతో కుట్టు వేసింది. రెండు నెలల్లో నేను ఆ పెరట్లో నిలబడి ఆమె పని చూసింది ఆ ఒక్క పూటే.

గురువారం తెల్లవారుజామున పరిచాను. కాపలాదారు లాంతరు పట్టుకుని, "ఏంటి రెట్ట మేడం, ఇవాళ పక్కలు కొత్తగా వేస్తున్నారు, పెళ్లివారు దిగుతున్నారా?" అన్నాడు. పైన గబ్బిలాలు అప్పుడే ఒక్కొక్కటీ తిరిగొస్తున్నాయి. ఆడవాటి పొట్టలు బరువుగా కనిపిస్తున్నాయి. అవి దూలాన్ని పట్టుకునే ముందు ఒకసారి తప్పి, రెండోసారి పట్టుకుంటున్నాయి.

శనివారం పొద్దున ఆరు పళ్లేలూ తెరిచాం. బోసి, అడవి, బోసి, అడవి, బోసి, అడవి.

"మీ అత్తగారిని మనం ఉద్యోగంలోకి తీసుకోవాలి మేడం," అన్నారు టెక్నీషియన్ గారు. నన్ను నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. గబ్బిలాలు బాగున్నాయి. వాటి కడుపులు కళకళలాడుతున్నాయి. ఆ సంతోషం కూడా ఎవరో ఇంకొకరికి జరిగినట్టు దూరంగా ఉంది.

డైరెక్టరు గారు పళ్లేల ఫోటోలు చూసి కళ్లజోడు తీసేశారు. ఆయన చెడ్డమనిషి కాదు. నా కాంట్రాక్టు ఆగిపోబోయిన రెండుసార్లూ పై ఆఫీసు మెట్లెక్కి మాట్లాడింది ఆయనే.

"ఎవరెవరికి తెలుసు?"

"మీకు, నాకు, టెక్నీషియన్ గారికి. మా ఇంట్లో అత్తయ్యకి."

"శుక్రవారం నీ ఇంటర్వ్యూ. శనివారం ఈ ఫోటోలు పట్టుకురా, ఇద్దరం కూర్చుని సవరణ రాద్దాం. వారం రోజులు. అంతే నేను అడిగేది."

"మంగళవారం వలలు వేస్తున్నారు సార్."

"వలలు ప్రపంచమంతా వేస్తున్నారు. నలభైలో ఒకటో రెండో..." ఆయన ఆ మాట పూర్తి చేయలేదు. "నిన్ను పోస్టులో కూర్చోబెడితే ఇంకో ఇరవై ఏళ్లు వాటినే చూసుకుంటావు. ఆ లెక్క కూడా వేసుకో. ఇప్పుడు నోరు విప్పితే, ఉతికిన బట్ట సంగతి తెలియని మనిషి అంటారు నిన్ను. మార్చిలో పొడిగింపు కోసం నేనే అడిగినా వినరు."

ఆలోచిస్తానని చెప్పి వచ్చేశాను. నిజంగానే ఆలోచించాను. ఆయన చెప్పింది మొత్తం తప్పయి ఉంటే ఆలోచించే పనే ఉండేది కాదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయనకి అంతా చెప్పాను. అత్తయ్య పక్కగదిలో ఉంది. తలుపు తీసే ఉంది.

"వారం రోజులే కదా," అన్నాడు చివరికి. "నువ్వు అబద్ధం చెప్పడం లేదు. కొంచెం ఆగి నిజం చెబుతున్నావు."

"మంగళవారం దాటాక చెప్పే నిజంతో వాటికేం పనండీ?"

"నీకు పని ఉంది కదా! పదకొండేళ్లు! ప్రతి ఏడాదీ నువ్వు నిద్రపోని రాత్రులు నేనూ నిద్రపోలేదు. ఆ సంగతి నీకు తెలుసా?"

నాకు తెలియదు. నిద్రపోతున్నాడనే అనుకునేదాన్ని ఇన్నేళ్లూ. ఆయన చొక్కా గుండీ సరిచేశాను. ఆయన నా చెయ్యి తోసేయలేదు, పట్టుకోనూ లేదు.

మా అమ్మాయి ఈసారి పుస్తకం అడ్డం పెట్టుకోలేదు. "వల్లో పడితే పిల్లలు పోతాయా అమ్మా?" అని అడిగింది.

"అన్నింటికీ పోవు. కొన్నింటికి పోతాయి."

"ఏవి పోతాయో ముందే తెలుస్తుందా?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా పడతారు?" అంది. వాళ్ల నాన్న లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

నేను బల్ల ముందు కూర్చుని ఉత్తరం రాయడం మొదలుపెట్టాను. ఇవ్వాలో వద్దో తర్వాత సంగతి, రాసి చూద్దాం అనుకున్నాను. 'సేకరణకు వాడిన బట్టలు పొరపాటున కలుషితమైనందున' అని రాసి, ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. నున్నగా ఉంది. ఎక్కడా ఎవరికీ గుచ్చుకోదు.

అత్తయ్య ఎప్పుడు వచ్చిందో నా భుజం మీదుగా చదివేసింది.

"పొరపాటున కలుషితమంటే? వాన కురిసిందా, పిల్లి తొక్కిందా?"

"మీ ప్రస్తావన ఎందుకని అత్తయ్యా..."

"నేనెందుకు ఉండకూడదు? ఏ మందు, బకెట్టుకి ఎన్ని మూతలు, ఎన్ని నిమిషాలు, పిండానా లేదా, ఇవి రాయకపోతే ఎవరు నమ్ముతారు? వలలు ఆపించుకోడానికి ఏదో సాకు చెబుతున్నావనుకుంటారు." ఆమె కుర్చీ లాక్కుంది. కూర్చోవడంలో మోకాళ్లు నొప్పి చేశాయని మొహంలో తెలిసింది. "ముప్పై ఒక్క ఏళ్లు నా చేతిమీదుగా వెళ్లిన ప్రతి మూటకీ నేను సంతకం పెట్టాను. బాగా ఉతికినవాటికే పెట్టి, ఇలాంటివాటికి మానేస్తే అది సంతకం ఎలా అవుతుంది? రాయి. నేను చెబుతాను."

ఆమె చెప్పింది, నేను రాశాను. మందు పేరు, దాని ఘాటు, పాళ్లు, నానిన సమయం, ఆరిన సమయం. ఎండున్న రోజుల్లో ఎంతసేపు, మబ్బున్న రోజుల్లో ఎంతసేపు. ఎనిమిది వారాల్లో రెండుసార్లు మందు నిండుకుని, ఉత్తినే ఉడకబెట్టి ఇచ్చేసిందట. ఆ రెండు తేదీలూ ఆమెకి గుర్తున్నాయి, చెప్పకుండా ఇచ్చినందుకు అప్పట్లో మనసులో పీకుతూనే ఉందట. నా పుస్తకం తెచ్చి చూశాను. ఆ రెండు రోజులూ చుక్కలు మామూలుగానే ఉన్నాయి. పక్కన నేనే రాసుకున్నాను, 'కారణం తెలియదు, లెక్కలోంచి తీసేశాను' అని.

ఆ వాక్యం నా దస్తూరీలోనే ఉంది. దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అత్తయ్యకి నేను చెప్పలేదు, నిజమే. గబ్బిలాలు నాకు రెండుసార్లు చెప్పాయి, నేనే వినలేదు. ఈ ముక్క ఉత్తరంలో రాయమని ఎవరూ అడగరు, రాయకపోతే ఎవరికీ తెలియదు. రాశాను. రాశాక, ఇంతసేపూ ఇవ్వాలా వద్దా అని ఊగిన ఉత్తరం ఊగడం మానేసింది. చివర నా పేరు రాసి సంతకం పెట్టాను. దానికింద అత్తయ్య తన పేరు, 'లాండ్రీ సూపర్వైజరు, రిటైర్డ్' అన్న హోదాతో సహా రాసి సంతకం పెట్టింది.

సాయంత్రం టీ వేళకి నలుగురం ముందుగదిలో కూర్చున్నాం. మా ఆయన మధ్యాహ్నంనుంచీ నాతో ముభావంగా ఉన్నాడు. అయినా టీ పెట్టింది ఆయనే, నాకు పంచదార తక్కువ వేసి అందించాడు. నేను గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

"రేపు పొద్దున వన్యప్రాణి కార్యాలయానికి వెళ్తున్నాను," అన్నాను. "ఉత్తరం నా చేతులతో ఇస్తాను. రిపోర్టు మొత్తం వెనక్కి తీసుకుంటున్నాను. గబ్బిలాలు ఆరోగ్యంగా ఉన్నాయని, వలలు అక్కర్లేదని చెబుతాను. దరఖాస్తు పెట్టింది ఆ రిపోర్టు చూపించే కాబట్టి, శుక్రవారం ఇంటర్వ్యూకి వెళ్లను. మార్చిలో పొడిగిస్తే మొదటి వారంనుంచి మళ్లీ మొదలుపెడతాను. పొడిగించకపోతే ఇంకోచోట వెతుక్కుంటాను."

 మా అమ్మాయి వాళ్ల నాన్న వైపు చూసింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆఫీసు ఎన్నింటికి తీస్తారు?" అని అడిగాడు.

"తొమ్మిదిన్నరకి."

"అయితే తొమ్మిదికల్లా బయట ఉండాలి. సోమవారం జనం ఎక్కువ ఉంటారు."

"నేనూ వస్తున్నాను," అంది అత్తయ్య. "మందు గురించి అడిగితే అది తడబడుతుంది."